అమెరికాలో "ఇజ్రాయెలీ" వంశం, "అమెరికన్" వంశం: ఈ పోలికకి అర్థం ఉందా?

గోదారిగట్టు
మావాడి కాలేజీ ప్రాజెక్టు కోసం అమెరికాలో వంశాల వారీ ఆదాయాల పట్టికలు చూస్తుంటే ఒక వింత తగిలింది. "ఇజ్రాయెలీ" అని ఒక వరుస, చాలా కిందకి వెళ్తే "అమెరికన్" అని ఇంకో వరుస. ఆదాయం, డిగ్రీ, పేదరికం, ఏది చూసినా ఇజ్రాయెలీ పైన, అమెరికన్ కింద. అమెరికాలో ఉన్నవాళ్ళంతా అమెరికన్లే కదా, మళ్ళీ ఆ పేరుతో విడిగా ఒక వంశం ఎక్కణ్ణుంచి వచ్చింది? సొంత దేశంలో వాళ్ళు వెనకబడి, నిన్న మొన్న వచ్చినవాళ్ళు ముందుండటం ఏంటి? మావాడు దానికి "ఇజ్రాయెలీల సంస్కృతి గొప్పదనం" అని హెడ్డింగ్ కూడా పెట్టేశాడు. నాకు మింగుడు పడలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

అమీర్‌పేట బ్యాచ్
ఇంకో రెండు తరాలాగితే ఆ "అమెరికన్" వరుసలో మన పిల్లలే ఉంటారు. అప్పుడు ఆటోమేటిగ్గా పైకొస్తుంది.

లెక్కలమాస్టారు
అమెరికా జనగణన శాఖ ఏటా చేసే కమ్యూనిటీ సర్వేలో "మీ వంశం లేదా మూలం ఏమిటి" అని ఒక ప్రశ్న ఉంటుంది. గళ్ళు ఉండవు, ఖాళీ గీత ఉంటుంది. ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. "ఐరిష్" అని రాయొచ్చు, "జర్మన్" అని రాయొచ్చు, "అమెరికన్" అని కూడా రాయొచ్చు. అలా రాసినవాళ్ళే ఆ వరుస. ఎవరూ వంశవృక్షం తిరగేసి చూడరు. 1990 జనగణనలో అలా రాసినవాళ్ళు సుమారు 1.24 కోట్లు. 2000లో 2 కోట్లు దాటారు. పదేళ్ళలో అంతమంది కొత్తగా పుట్టలేదు, ఎక్కణ్ణుంచో దిగలేదు. రాసే అలవాటు మారింది, అంతే.

గోదారిగట్టు
అంటే నేను వెళ్ళి "అమెరికన్" అని రాసినా ఆ లెక్కలో పడతానా మాస్టారూ?

లెక్కలమాస్టారు
పడతారు. ఇంకా విచిత్రం వినండి. 1980లో ఆ ప్రశ్న కింద ఇచ్చిన ఉదాహరణల్లో "ఇంగ్లిష్" అనే మాట ఉంది. దాదాపు 5 కోట్ల మంది తమది ఇంగ్లిష్ వంశం అన్నారు. 1990లో ఉదాహరణల్లోంచి ఆ మాట తీసేశారు. సంఖ్య 3.3 కోట్లకి జారింది. 2020 జనగణనలో జాతి ప్రశ్న కింద మూలం రాయమని మళ్ళీ ఉదాహరణలతో అడిగితే 4.6 కోట్లకి పైగా తేలారు. మధ్యలో కోటిన్నర మంది ఎటూ పోలేదు.

పల్నాటి పౌరుషం
లెక్కల్లో లొసుగులు ఎప్పుడూ ఉంటాయి మాస్టారూ. కానీ కళ్ళముందు కనిపించేది కాదనలేం కదా. యూదులు ఎక్కడికెళ్ళినా చదువు పట్టుకుంటారు. ఇజ్రాయెల్ ఎడారిలో నీళ్ళు పుట్టించింది. అలాంటి జనం అమెరికా వెళ్తే పైన ఉండక కింద ఉంటారా? కష్టపడే తత్వానికి లెక్క కట్టకపోతే అదేం సోషల్ సైన్సు?

స్వాతి_డేటా
ముందు ఒక పొరపాటు సరిచేద్దాం. "ఇజ్రాయెలీ" వరుస యూదుల లెక్క కాదు. అమెరికా జనగణన మతం అడగదు, మతం చెప్పి తీరాలని బలవంతపెట్టకూడదని 1976లో చట్టమే చేశారు. అమెరికన్ యూదుల్లో ఎక్కువమంది 1880ల నుంచి 1924 దాకా తూర్పు యూరప్ నుంచి, ముఖ్యంగా రష్యా సామ్రాజ్యపు ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు. వాళ్ళు ఆ గీత మీద "రష్యన్", "పోలిష్" అని రాస్తారు. వాళ్ళ తాతలు బయల్దేరినప్పుడు ఇజ్రాయెల్ అనే దేశమే లేదు, అది 1948లో వచ్చింది. కాబట్టి "ఇజ్రాయెలీ" అని రాసేది ఎక్కువగా ఈ యాభై అరవై ఏళ్ళలో అక్కణ్ణుంచి విమానం ఎక్కినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. అమెరికా లెక్కల్లో అది చాలా చిన్న గుంపు. పక్కన పెట్టి చూస్తున్న గుంపు కోట్లలో ఉంది.

అమీర్‌పేట బ్యాచ్
మా కోచింగ్ సెంటర్ ర్యాంకర్ల ఫొటోలకీ, జిల్లా మొత్తం పాస్ పర్సంటేజీకీ పోటీ పెట్టినట్టు.

స్వాతి_డేటా
అదే.

ఎడిసన్ బుల్లోడు
మా ఆఫీసులో ఇద్దరు ఇజ్రాయెలీలు ఉన్నారు. ఇద్దరూ సైన్యంలో ఇంటెలిజెన్స్ విభాగంలో చేసి, అక్కడి పేరున్న టెక్నాలజీ యూనివర్సిటీ టెక్నియన్‌లో చదివి వచ్చారు. వాళ్ళని చూస్తే పల్నాటి అన్న చెప్పిందే నిజం అనిపిస్తుంది. కానీ మాల్‌కి వెళ్తే డెడ్ సీ ఉప్పు క్రీములు అమ్మే స్టాల్ దగ్గర చెయ్యి పట్టి లాగే కుర్రాళ్ళు కూడా ఇజ్రాయెలీలే. మొన్న మా ఇల్లు మారినప్పుడు సామాను మోసిన కంపెనీ ఓనరూ ఇజ్రాయెలీయే. బిల్లు చూశాక ఆ ఓనరు ఆదాయం మా మేనేజరు కంటే ఎక్కువే అనిపించింది, అది వేరే బాధ.

ఇంకో సంగతి. ఇజ్రాయెలీలు ఉండేది లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, మా న్యూజెర్సీ, ఫ్లోరిడా. మా న్యూజెర్సీలో రాష్ట్రం మొత్తం మీద మధ్యస్థ ఇంటి ఆదాయమే (అంటే ఇళ్ళన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే ఇంటిది) ఏడాదికి దాదాపు లక్ష డాలర్లు. దాంతో గొప్పగా బతుకుతున్నాం అనుకుంటే మా ప్రాపర్టీ టాక్సు కాగితం పంపిస్తా, చూసి ఏడవండి.

కెంటకీ డాక్టరు
ఈ చర్చలో "అమెరికన్" వరుసలో ఉన్నవాళ్ళని దగ్గరగా చూసింది బహుశా నేనొక్కడినేనేమో, కాస్త పెద్దగా రాస్తాను.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడ రెసిడెన్సీ చేశాక నాకు వీసా మినహాయింపు దొరికింది. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే సొంత దేశానికి వెనక్కి వెళ్ళక్కర్లేదు, ఇదీ షరతు. అలా తూర్పు కెంటకీ కొండల్లోకి వచ్చాను. మూడేళ్ళని వచ్చినవాణ్ణి ఇక్కడే పాతుకుపోయాను. చుట్టుపక్కల చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో మన తెలుగు పేర్లు చాలానే కనిపిస్తాయి, అవి ఇదే దారిన వచ్చిన పేర్లు.

2000 జనగణనలో కెంటకీలో ప్రతి ఐదుగురిలో ఒకరు తమ వంశం "అమెరికన్" అన్నారు. టెన్నెసీ, వెస్ట్ వర్జీనియా, అర్కాన్సాస్‌లలో కూడా అదే ధోరణి. వీళ్ళ పూర్వీకులు 1700ల్లో ఉత్తర ఐర్లండ్, స్కాట్లండ్, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చి ఈ కొండలెక్కినవాళ్ళు. నా పేషెంట్లని మీవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగితే పక్క లోయ పేరు చెబుతారు. వాళ్ళకి గుర్తున్న వలస అదే. రెండొందల యాభై ఏళ్ళయ్యాక ఇంకేం రాస్తారు?

ఇక డబ్బు సంగతి. ఈ కొండల కింద బొగ్గు ఉంది. 1900 ప్రాంతంలో బయటి కంపెనీల ఏజెంట్లు వచ్చి, చదువురాని రైతుల దగ్గర ఎకరాకి అర డాలరో డాలరో చేతిలో పెట్టి నేల కింది ఖనిజం మీద హక్కు రాయించుకున్నారు. పైన పొలం రైతుదే, కింద బొగ్గు కంపెనీది. యంత్రాలతో కొండ పైభాగాన్నే చెక్కేసే తవ్వకం వచ్చాక, ఆ పాత కాగితాలు చూపించి రైతు అనుమతి లేకుండానే పొలాన్ని, తోటని, ఒక్కోచోట సమాధుల్ని కూడా తవ్వేశారు. కోర్టులు చాలాకాలం కంపెనీల వైపే నిలిచాయి. 1988లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ చేసుకుంటే గానీ అది ఆగలేదు. బొగ్గు మీద వచ్చిన డబ్బు ఈ ఊళ్ళలో ఆగలేదు. ఇక్కడ మిగిలింది ఊపిరితిత్తుల జబ్బు. 2018లో, మా కొండలు కూడా ఉన్న మధ్య అప్పలాచియా ప్రాంతపు గనుల్లో పాతికేళ్ళకి పైగా పనిచేసినవాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరికి బొగ్గు ధూళి జబ్బు ఉన్నట్టు ప్రభుత్వ పరిశోధకులే తేల్చారు. నా ఓపీకి రండి, నలభై ఐదేళ్ళ మనిషి పది మెట్లు ఎక్కలేక ఆగిపోవడం చూపిస్తాను.

1964లో అధ్యక్షుడు జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించి, ఇక్కడ మార్టిన్ కౌంటీలో ఒక ఇంటి వసారాలో కూర్చుని ఫొటో దిగాడు. మార్టిన్ కౌంటీ ఇప్పటికీ పేద కౌంటీయే. పక్కన వెస్ట్ వర్జీనియాలో 1940ల్లో లక్షమందికి పైగా గనుల్లో పనిచేసేవాళ్ళు, ఇప్పుడు ఇరవై వేల లోపు. తర్వాత నొప్పి మాత్రల మహమ్మారి వచ్చింది. దాని గురించి ఇక్కడ రాయలేను.

కాబట్టి పల్నాటి వారూ, కష్టపడే తత్వం లేదని మాత్రం వీళ్ళ గురించి అనకండి.

పల్నాటి పౌరుషం
డాక్టరు గారూ, నేను వాళ్ళని సోమరులు అనలేదండి. అన్నట్టు అనిపిస్తే ఆ మాట వెనక్కి. కానీ ఒకటి చెప్పండి. పరిస్థితులు బాగాలేనప్పుడు కొందరు లేచి వెళ్ళిపోతారు, కొందరు ఉండిపోతారు. లేచి వెళ్ళడం కూడా ఒక గుణమే కదా?

కెంటకీ డాక్టరు
వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారండి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ కొండల నుంచి లక్షలమంది డెట్రాయిట్, సిన్సినాటి, డేటన్ ఫ్యాక్టరీలకి పోయారు. అక్కడే తిరకాసు ఉంది. బయటికెళ్ళి చదువుకున్నవాడి మనవడు డీఎన్‌ఏ టెస్టు చేయించుకుని "స్కాటిష్" అని రాస్తాడు, సెలవుల్లో ఎడిన్‌బరో వెళ్ళొస్తాడు. ఉండిపోయినవాడి మనవడు "అమెరికన్" అని రాస్తాడు. ముత్తాతలు అన్నదమ్ములే. కాస్త పైకొచ్చిన ప్రతివాడూ ఆ వరుసలోంచి జారిపోతుంటే ఆ వరుస సగటు ఎప్పటికి పెరుగుతుంది?

గోదారిగట్టు
ఇది మాత్రం నాకు తట్టలేదు. మావాడికి చదివి వినిపించాను, "అంటే గ్రాఫ్ మొత్తం తప్పా" అని మొహం మాడ్చుకున్నాడు.

అమీర్‌పేట బ్యాచ్
డేట్ దగ్గర పడింది కదా పాపం. రంగులు మార్చి పెట్టేయమనండి.

జగిత్యాల టు హైఫా
నేను ఇజ్రాయెల్‌ల ముసలోళ్ళను చూసుకునే పని చేస్తున్న. ఇక్కడ మా నిజామాబాద్, జగిత్యాల వాళ్ళు మస్తు మంది ఉన్నరు. మీరంతా ఇజ్రాయెల్ అంటే ఒక్కటే ముద్ద అనుకుంటున్నరు, ఇక్కడికొచ్చి చూస్తే తెలుస్తది.

హైఫా కొండ మీద ఊరు. పైన కార్మెల్‌ల యూరప్ నుంచి వచ్చిన కుటుంబాలోళ్ళు ఎక్కువ, పెద్ద ఇండ్లు. కిందికి దిగుతుంటే రష్యా వాళ్ళు, ఇంకా కిందికి పోతే అరబ్బులు. నేను చూసుకునే అమ్మమ్మ రొమేనియా నుంచి వచ్చింది. ఆమెను దావఖానకు తీస్కపోతే డాక్టరు అరబ్బు, మందుల షాపుల అరబ్బు. సఫాయి పనిల ఇథియోపియా ఆమె. 1991ల ఒక్క రోజున్నర లోపల పద్నాలుగు వేల మందిని విమానాలల్ల తెచ్చిన్రంట అక్కడి నుంచి. వాళ్ళ పిల్లలు ఇప్పటికీ పోలీసులు మమ్మల్నే ఆపుతరని ధర్నాలు చేస్తరు. జెరూసలేం దిక్కు పోతే నల్ల కోట్లేసుకుని మతం గట్టిగ పాటించేటోళ్ళ వాడల్ల సగం మంది మగోళ్ళు నౌకరీ చెయ్యరు, మతం చదువే చదువు. వాళ్ళ ఇండ్లల్ల ఆరుగురు ఏడుగురు పిల్లలు. పేదరికం మస్తుగుంటది.

అమెరికా పోయేది వీళ్ళల్ల ఎవరో మీరే చెప్పుండ్రి.

స్వాతి_డేటా
అన్నా, పోస్టు అదిరింది. దీనికి కొంచెం పాత కథ కలుపుతాను. 1948 తర్వాత మూడున్నరేళ్ళలో దాదాపు ఏడు లక్షల మంది వలస వచ్చి ఇజ్రాయెల్ యూదుల జనాభా రెట్టింపయింది. యూరప్ వాళ్ళకి నగరాల్లో చోటు దొరికింది. మొరాకో, ఇరాక్, యెమెన్ నుంచి వచ్చినవాళ్ళలో చాలామందిని గుడారాల్లో, రేకుల షెడ్లలో పెట్టి, తర్వాత డిమోనా, యెరుహామ్ లాంటి కొత్త ఊళ్ళకి తోలారు. 1959లో హైఫాలోనే వాది సాలిబ్ పేటలో మొరాకో యూదులు తిరగబడ్డారు. 1971లో జెరూసలేంలో అలాంటి ఇళ్ళ కుర్రాళ్ళు అమెరికా నల్లవాళ్ళ ఉద్యమ సంస్థ "బ్లాక్ పాంథర్స్" పేరే పెట్టుకుని రోడ్డెక్కారు. 1977లో లేబర్ పార్టీ మొదటిసారి ఓడి ప్రతిపక్ష లికుడ్ నాయకుడు బెగిన్ గెలవడానికి పెద్ద కారణం ఈ కోపమే. అందరూ యూదులే, ఒకే మతం, ఒకే దేశం. "యూదుల సంస్కృతి" అనే ఒక్క కారణంతో ఈ తేడాలు ఎలా వివరిస్తారు?

మొరాకో వాళ్ళ మీద 1970ల్లో జరిగిన ఒక పరిశోధన నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు ఫ్రాన్స్ వెళ్ళారు, ఒకరు ఇజ్రాయెల్ వెళ్ళారు. అలాంటి అన్నదమ్ముల్ని వెతికి పట్టుకుని పోల్చారు. ఫ్రాన్స్ వెళ్ళినవాళ్ళు చదువులో, ఉద్యోగాల్లో బాగా ముందున్నారు. ఒకే ఇల్లు, ఒకే పెంపకం.

పల్నాటి పౌరుషం
ఆగండాగండి. ఇంట్లో చురుకైనవాడే ఫ్రాన్స్ ఎంచుకున్నాడేమో? ఒకే తల్లి బిడ్డలైనంత మాత్రాన ఒకేలా ఉంటారా? మా ఇంట్లో నేనూ మా తమ్ముడూ లేమూ!

స్వాతి_డేటా
మంచి ప్రశ్నే. ఆ అనుమానం పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ మీరు ఇప్పుడు వాదిస్తున్నది సంస్కృతి గురించి కాదు, ఎవరు ఏ దారి పట్టారన్న దాని గురించి. అంటే మా వైపుకే వచ్చారు.

అమీర్‌పేట బ్యాచ్
ఇందులో తమ్ముడెవరో కూడా చెప్పండి పల్నాటి అన్నా, మేం పోల్చుకుంటాం.

బెంజ్ సర్కిల్
అందరూ ఇజ్రాయెల్ ఇజ్రాయెల్ అంటున్నారు, అద్దంలో చూసుకోరా? 2023లో అమెరికాలో భారతీయుల ఇళ్ళ మధ్యస్థ ఆదాయం లక్షా యాభై వేల డాలర్లు. దేశం మొత్తానికి అది 80 వేల లోపు. పాతికేళ్ళు దాటిన మనవాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి డిగ్రీ ఉంది. సంక్రాంతికి ఊరొచ్చిన ప్రతి ఎన్నారై బాబాయ్ ఇది "మన రక్తం" అంటాడు. మన రక్తమే అయితే అదే రక్తంతో అనంతపురం నుంచి బెంగళూరుకి కూలికి పోయేవాళ్ళ సంగతేంటి? 1965 అమెరికా వలస చట్టం చదువుకున్నవాళ్ళకి తలుపు తీసింది, 1990 చట్టంతో హెచ్‌1బీ వచ్చింది. ముందు ఊళ్ళో భూమి ఉన్న ఇల్లు, తర్వాత ఇంగ్లిష్ మీడియం, తర్వాత ఇంజినీరింగ్ సీటు, తర్వాత కన్సల్టెన్సీ, చివర్న వీసా లాటరీ. ఇన్ని జల్లెడలు దాటినవాణ్ణి తెచ్చి కెంటకీ గని కార్మికుడి పక్కన నిలబెట్టి "చూశారా" అనడం నాకైతే సిగ్గుగా ఉంటుంది.

ఎడిసన్ బుల్లోడు
జల్లెడ దాటడానికి మేం పడ్డ కష్టం కూడా చూడాలి గురూ. లక్షా యాభై వేలు అంటే ఇంట్లో ఇద్దరూ చేస్తేనే. మా ఆవిడకి ఏళ్ళ తరబడి వర్క్ పర్మిట్ లేదు, అప్పుడు మా లెక్క వేరే. ఇంటి ఆదాయం చూసేటప్పుడు ఆ ఇంట్లో ఎన్ని జీతాలో చూడాలి.

బెంజ్ సర్కిల్
కష్టం లేదని ఎవరన్నారు? డాక్టరు గారి పేషెంట్లు కూడా కష్టపడ్డారు, ఊపిరితిత్తులు ఇచ్చేశారు. ఎవరి కష్టానికి ఎంత ధర అన్నదే ప్రశ్న.

లెక్కలమాస్టారు
గోదారిగట్టు గారూ, మీవాడు ఏ పట్టిక వాడాడో ఒకసారి చూడమనండి. కొన్ని సైట్లు మనుషుల ఆదాయం నేరుగా చూపించవు. ఫలానా వంశం ఎక్కువ ఉన్న కౌంటీల్లో ఆదాయం ఎంత ఉందో చూసి, దాన్నే ఆ వంశం పేరు మీద రాసేస్తాయి. ఇది పెద్ద ఉచ్చు. 1950లో రాబిన్సన్ అనే ఆయన 1930 జనగణన తీసుకుని చూపించాడు: విదేశాల్లో పుట్టినవాళ్ళు ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ. దాన్నిబట్టి వలసవచ్చినవాళ్ళు ఎక్కువ చదువుకున్నవాళ్ళు అనుకుంటే బోర్లా పడతాం. మనుషుల వారీగా లెక్కేస్తే వాళ్ళలోనే నిరక్షరాస్యులు ఎక్కువ. ఉద్యోగాలు, బళ్ళు ఉన్న రాష్ట్రాలకి వాళ్ళు చేరారు, అంతే. ఇజ్రాయెలీలు ఎక్కువ ఉన్న కౌంటీ ధనిక కౌంటీ అయితే, ఆ డబ్బు ఇజ్రాయెలీలదే అని ఎలా చెబుతాం? ఆ వీధిలో ఎడిసన్ బుల్లోడు కూడా ఉంటాడు కదా.

ఎడిసన్ బుల్లోడు
నా వల్ల ఇజ్రాయెల్ ర్యాంకు పెరిగిందంటే నాకు అవార్డు ఏమైనా ఇస్తారా?

గోదారిగట్టు
చూశాను మాస్టారూ. రెండూ కలిపేశాడు. ఆదాయం సర్వేలోది, మిగతావి ఇలాంటి సైటులోవి.

లెక్కలమాస్టారు
అయితే సైటువి తీసేయమనండి. సర్వే అంకెల పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఒక కాలమ్ ఉంటుంది, అసలు అంకె అటూ ఇటూ ఎంత ఉండొచ్చో చెప్పేది, అది కూడా వెయ్యమనండి. చిన్న గుంపుకి ఆ అంతరం పెద్దగా ఉంటుంది. వయసు, రాష్ట్రం కూడా విడగొడితే మంచిది. న్యూజెర్సీలో ఇజ్రాయెలీని న్యూజెర్సీలోనే "అమెరికన్" అని రాసినవాడితో పోల్చితే తేడా ఎంత మిగులుతుందో, అక్కణ్ణుంచి మాట్లాడుకోవచ్చు.

పల్నాటి పౌరుషం
అంత చేశాక కూడా కొంత తేడా మిగిలితే? అప్పుడు దానికి ఏం పేరు పెడతారు?

లెక్కలమాస్టారు
వీసా ఎవరికిచ్చారు అన్నది ఇంకా లెక్కలో పట్టలేదు కదండీ. అది కూడా తీసేశాక మిగిలితే మీరు పెట్టండి పేరు, నేను అడ్డు రాను.

చేబ్రోలు కుర్రాడు
ఇజ్రాయెల్ అని ఇంత మాట్లాడుతున్నారు, మా పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులు ఉన్నారని ఎవరూ అనలేదే? బెనె ఎఫ్రాయిమ్ అంటారు. చిన్న ప్రార్థనా మందిరం ఉంది, శనివారం పాటిస్తారు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ఇజ్రాయెల్ వాళ్ళని ఇంకా యూదులుగా ఒప్పుకోలేదు.

జగిత్యాల టు హైఫా
తమ్ముడూ, ఒప్పుకున్నా అంత తేలిక కాదు. బొంబాయి నుంచి వచ్చిన బెనె ఇజ్రాయెల్ వాళ్ళను కూడా 1960లల్ల ఇక్కడి మత గురువులు పెండ్లిళ్ళ కాడ అనుమానించిన్రు. వాళ్ళు జెరూసలేంల ధర్నా చేస్తే 1964ల పార్లమెంటు చెప్పాల్సొచ్చింది, వీళ్ళు కూడా పూర్తి యూదులే అని. కొచ్చి నుంచి వచ్చినోళ్ళల్ల కొందరిని ఎడారి దిక్కు నెవాటిమ్ ఊరికి పంపిన్రు, వాళ్ళు అక్కడ పూలతోటలు పెట్టి నిలబడ్డరు.

గోదారిగట్టు
అన్నా, మీకు అక్కడ ఉండిపోయే అవకాశం ఉందా?

జగిత్యాల టు హైఫా
లేదు. మాకు మామూలుగా అయిదేండ్ల మూడు నెలల వీసా. చూసుకునే మనిషికి అవసరముంటే పొడిగిస్తరు. జీతం అమెరికా లెక్కల ఏమీ కాదు గాని మా ఊళ్ళె ఇల్లు లేసింది. మేం ఏ వరుసలకూ రాం.

స్వాతి_డేటా
పట్టికలు చూసేవాళ్ళకి ఇంకో సంగతి. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం జాతి వర్గాల నిబంధనలు మార్చింది. మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా అని కొత్త వర్గం పెట్టి, ఉదాహరణల్లో లెబనీస్, ఇరానియన్, ఈజిప్షియన్, సిరియన్, ఇరాకీలతో పాటు ఇజ్రాయెలీ అని కూడా రాశారు. ఇప్పటిదాకా వాళ్ళంతా తెల్లవాళ్ళ లెక్కలో ఉన్నారు. ఈ మార్పు అమల్లోకొస్తే ఈ అంకెలన్నీ మళ్ళీ కదులుతాయి.

ఎడిసన్ బుల్లోడు
మా ఆఫీసులో ఇద్దరికీ చూపించా. ఒకడి తాత పోలండ్ నుంచి, ఇంకొకడి తాత బాగ్దాద్ నుంచి ఇజ్రాయెల్ వచ్చారట. బాగ్దాద్ మనవడు సరే అన్నాడు, పోలండ్ మనవడు నేనెందుకు రాయాలి అంటున్నాడు. మధ్యాహ్నం నుంచీ ఇద్దరికీ అదే గొడవ, వాళ్ళ పని టికెట్లన్నీ నా మీద పడ్డాయి.